మాలిక్యూల్ 01 కొనాలా, మిట్టీ అత్తర్ కొనాలా?

పక్కన కూర్చున్నవాళ్ళకి మాత్రమే తెలిసేంత సన్నటి వాసన కావాలంటే నా ఓటు ఈ రెండిటికే. మాలిక్యూల్ 01 అనే పర్ఫ్యూమ్‌ని జర్మన్ పర్ఫ్యూమర్ గెజా షోన్ 2006లో తెచ్చాడు, అందులో సువాసనకి వేసింది ఐసో ఈ సూపర్ అనే ఒకే ఒక్క సింథటిక్ పదార్థం, దేవదారు చెక్క లాగా పొడిగా, నీట్‌గా ఉంటది, కాసేపటికి మన ముక్కుకే అందదు, పోయిందిలే అనుకునేలోపు ఎవరో ఒకరు ఏం పర్ఫ్యూమ్ అని అడుగుతారు. కొంతమందికైతే అసలు వాసనే తెలీదు, అంత డబ్బు పెట్టేముందు శాంపిల్ చూసుకోండి ప్లీజ్.

మిట్టీ అత్తర్ వేరే లోకం అసలు. యూపీలోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని డేగ్ అనే రాగి పాత్రలో నీళ్ళు పోసి మరిగించి ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తారు, అందుకే మణికట్టు మీద ఒక్క చుక్క రుద్దితే ముందు తొలకరికి తడిసిన నేల వాసన, అది తగ్గేకొద్దీ అడుగు నుంచి గంధం మెల్లగా పైకొస్తది, ఆ రెండూ కలిసే ఆ కాస్త టైమ్ ఉంది చూడండి, అబ్బా! చవకరకాల్లో గంధం బదులు వేరే నూనె ఉంటది, చార్మినార్ దగ్గర కొనేటప్పుడు చేతికి రాయించుకుని అరగంట తిరిగొచ్చి తీసుకోండి.

ఏసీ ఆఫీసుకి మొదటిది ఓకే, నాకు మాత్రం మట్టి వాసనే ప్రాణం. బట్టలకి రాయకండి, నూనె మరక పడుద్ది.