కాలిబ్రేషన్ చేయకుండా క్రూయిజ్ కంట్రోల్ రాడార్ బిగించారు: కొనేవారికి హెచ్చరిక

ముందున్న వాహనాన్ని రాడార్‌తో గమనిస్తూ కారు వేగాన్ని తనంతట తానే సర్దే ఏర్పాటు అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్. కారులో దాని రాడార్‌ను మార్పించుకోబోతున్న వారు డబ్బు చెల్లించే ముందు నా అనుభవాన్ని ఒకసారి చదవాలని మనవి.

పార్కింగ్‌లో మా కారు ముందు బంపర్ స్తంభానికి తగిలి, దాని వెనుక ఉండే రాడార్ పగిలింది. కొత్తదాని ఖరీదుకు జంకి, హైదరాబాద్‌లోని ఒక బయటి గ్యారేజీవారు సెకండ్ హ్యాండ్ రాడార్ బిగిస్తామంటే ఒప్పుకున్నాను. మూడు గంటల్లో పని ముగించి, కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌తో అందులో నమోదైన ఎర్రర్ కోడ్‌లు (లోపాల సంకేతాలు) చెరిపేసి, మీటర్‌లో హెచ్చరిక దీపం ఆరిపోయిందని చూపించి 18,000 రూపాయలు తీసుకున్నారు. కాలిబ్రేషన్, అంటే రాడార్ చూపు సరిగ్గా కారు ముందుకు ఉండేలా సరిచేయడం, దాని సంగతి అడిగితే, నాలుగు రోజులు నడిపితే అదే సర్దుకుంటుందని చెప్పారు.

సర్దుకోలేదు. విజయవాడ హైవే మీద 90 కిలోమీటర్ల వేగంతో క్రూయిజ్‌లో వెళుతుండగా, మా లేన్ ఖాళీగా ఉన్నప్పటికీ ఎడమ పక్క లేన్‌లోని లారీని చూసి కారు ఒక్కసారిగా బ్రేక్ వేసుకుంది. వెనుక వస్తున్న బస్సు డ్రైవర్ అప్రమత్తంగా ఉండబట్టి బతికిపోయాం. వెనుక సీట్లో మా అమ్మగారు ఉన్నారు. ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి. మరికొంత దూరం పోయాక, మా ముందు నెమ్మదిగా వెళుతున్న మోటార్‌సైకిల్‌ను అది అసలు గుర్తించనే లేదు. నేనే బ్రేక్ తొక్కాను.

తరువాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పరీక్షిస్తే, రాడార్ ఎడమవైపుకు తిరిగి ఉందని, పైగా అందులో వేరే కారు ఛాసిస్ నంబరు నమోదై ఉందని తేలింది. రాడార్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా వంద మీటర్ల దూరంలో దాని చూపు సుమారు 1.75 మీటర్లు తప్పుతుంది. మన హైవే లేన్ వెడల్పు 3.5 మీటర్లు కాబట్టి, అది సగం లేన్‌తో సమానం. చాలా కార్లలో ఢీకొనే ముప్పు ఉన్నప్పుడు కారు తనంతట తానే వేసుకునే అత్యవసర బ్రేకింగ్ కూడా ఇదే రాడార్ మీద ఆధారపడుతుంది కనుక, క్రూయిజ్ వాడనంత మాత్రాన ప్రమాదం తప్పినట్లు కాదు.

అందుచేత కాలిబ్రేషన్ పరికరాలు ఉన్నాయో లేదో కళ్లారా చూశాకే కారు అప్పగించండి. కొన్ని మోడళ్లకు చదునైన నేల మీద, కారు ముందు కొలిచిన దూరంలో టార్గెట్ బోర్డు నిలబెట్టి చేస్తారు. మరికొన్నింటికి స్కానర్ తగిలించి రోడ్డు మీద నడిపి చేస్తారు. ఏ పద్ధతిలోనైనా ముందుగా టైర్లలో గాలి, వీల్ అలైన్‌మెంట్ సరిగా ఉన్నాయో లేదో చూడాలి. కోడింగ్ (రాడార్‌లో మన కారు వివరాలు నమోదు చేయడం), కాలిబ్రేషన్ పూర్తయినట్లు స్కానర్ ఇచ్చే రిపోర్టు కాగితం చేతికి వచ్చేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి. బంపర్‌కు రాడార్ ఉన్న చోట పుట్టీ, మందపాటి పెయింట్ వేయనివ్వకండి.

అన్నిటికంటే ముఖ్యంగా, పార్ట్ నంబరు రాసిన పక్కా బిల్లు తీసుకోండి. నాకు ఇచ్చింది తెల్ల కాగితం మీద రాసిన మొత్తం మాత్రమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయబోతే, చూపడానికి నా దగ్గర ఉన్న ఆధారం ఆ కాగితమొక్కటే.