తాతయ్య .315 మీద స్కోప్ బిగించి నాలుగేళ్లు

ముందే చెప్పేస్తున్నా, నా కోపం రైఫిల్ మీద కాదు. దాని నెత్తిన కూర్చుని స్కోప్‌ని, అంటే గురి చూసే దుర్బిణిని, పట్టి ఉంచే వేలెడంత అల్యూమినియం బేస్ మీద. ఈ నాలుగేళ్లలో అది తినేసిన తూటాలు లెక్కేసుకుంటే కడుపు మండుతుంది. తూటాలేమన్నా కిరాణా కొట్లో సరుకా? లైసెన్స్ పుస్తకంలో రాసిన సంఖ్య దాటి ఒక్కటి కూడా రాదు.

లైసెన్స్ ఉన్నవాళ్లకి .315 గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి ఒక్క ముక్క, ఈ అంకెలు అంగుళాల్లో తూటా సైజు. మిలిటరీ .303 మామూలు జనం ఉంచుకోకూడదు కాబట్టి ఇషాపూర్ తుపాకుల ఫ్యాక్టరీ అదే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ని వేరే తూటాకి మార్చి మనలాంటి వాళ్లకి అమ్మింది. అంటే తూటాని లోపలికి తోసి మూసే బోల్టూ, అది కదిలే ఇనుప చట్రం రిసీవరూ మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిలు మోసిన రకమే. మాది సత్తెనపల్లి వైపు మిర్చి తోటల మధ్య తాతయ్య దగ్గరుండి, ఆయన పోయాక విజయవాడ సింగ్‌నగర్‌లో నా బీరువాలోకి వచ్చింది. లైసెన్స్ నా పేరు మీదకి మారిన కథ రాయడం మొదలుపెడితే ఇవాళ పూర్తవదు, వదిలేద్దాం.

అరుగుదల సంగతి మొదట. తాతయ్య కాల్చిన ప్రతిసారీ బ్యారెల్లో మరిగే నీళ్లు పోసేవాడు. ఎవరో మిలిటరీ ఆయన నేర్పాడట. అది పాత చాదస్తం అనుకునేవాణ్ణి గానీ, పాత తూటాల ప్రైమర్ (అడుగున నిప్పు పుట్టించే మందు) నుంచి ఉప్పు లాంటి మసి మిగిలి గాల్లో తేమని లాక్కుంటుంది, దాన్ని నూనె కరిగించదు, నీళ్లే కరిగించాలి. కృష్ణా ఒడ్డు గాలిలో ఆ బ్యారెల్ లోపల గుండుని తిప్పే చారలు ఇప్పటికీ నిలబడ్డాయంటే ఆ నీళ్ల పుణ్యమే. కానీ నీళ్లు పోశాక తాడుతో గుడ్డ లాగేవాడు, ఎప్పుడూ ఒకే పక్కకి. అందుకని మూతి దగ్గర ఒక వైపు తాడు రాసుకుని రాసుకుని సన్నటి గాడి పడింది. మంచి తుపాకీని జాగ్రత్తే ఎక్కువగా అరగదీసిందంటే నవ్వొస్తుంది. బోల్టు మాత్రం వెన్నలా కదులుతుంది. కాల్చిన ఖాళీ తూటాల అడుగుకి కొంచెం పైన మెరిసే గీత పడిందా అని ప్రతిసారీ తిప్పి చూస్తాను. అది పడితే ఇత్తడి సాగుతోందని అర్థం. ఇంతవరకూ పడలేదు.

స్కోప్ ఎందుకంటే నా కళ్లు. చత్వారం వచ్చాక లీఫ్ సైటూ (బ్యారెల్ మీద వెనక ఉండే గురి పలక), ముందు ముల్లూ, గురికాగితం మూడూ ఒకేసారి కనిపించడం మానేశాయి. 2022లో గన్ షాపు మిస్త్రీ రిసీవర్‌కి రంధ్రాలు చేసి, వాటి లోపల స్క్రూ పట్టే మరలు కోసి, ముందొకటీ వెనకొకటీ రెండు బేస్‌లు బిగించాడు. మొదటి రోజు రేంజిలో వంద మీటర్ల దగ్గర ఐదు గుళ్లు నాలుగు అంగుళాల్లో పడ్డాయి. లీఫ్ సైటుతో అన్నం పళ్లెం అంత మేర చెల్లాచెదురయ్యేవి. ఆ సాయంత్రం కనిపించినవాళ్లందరికీ "బ్రహ్మాండం, వెంటనే పెట్టించుకోండి" అని చెప్పాను. నా మాట విని ఇద్దరు పెట్టించుకున్నారు కూడా. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఆ బ్రహ్మాండం పదిహేను తూటాల అనుభవం, అదీ ఒకే పూట. పైగా కన్ను స్కోప్‌కి మరీ దగ్గర పెట్టడం వల్ల నాలుగో గుండుకి కనుబొమ్మ మీద నెలవంక గాటు పడింది. అది ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో మాత్రం దాగలేదు.

ఇక అసలు కథ. 2024 మార్చిలో ఎన్నికల కోడ్ రాగానే అందరిలాగే రైఫిల్‌ని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. స్కోప్ అక్కడ వదలడానికి మనసొప్పక బేస్‌లతో సహా విప్పి ఇంట్లో పెట్టుకున్నాను. జూన్‌లో రైఫిల్ ఇంటికొచ్చింది. రేపు బిగిద్దాం ఎల్లుండి బిగిద్దాం అనుకుంటుండగానే సెప్టెంబరు 1 వచ్చింది. బుడమేరు వరద సంగతి సింగ్‌నగర్ వాళ్లకి కొత్తగా చెప్పేదేముంది. మేము ఆ ఆదివారం గుంటూరులో ఉన్నాం. నీళ్లు తగ్గి ఇంట్లోకి అడుగు పెట్టేసరికి బీరువా కింది అర నిండా బురద, అందులో తాతయ్య రైఫిల్. స్కోప్ అటక మీద ఉండి బతికిపోయింది. ఇనుము రెండు రోజుల్లో తేరుకుంది, మళ్లీ ఆ మరిగే నీళ్లే, తర్వాత నూనె. చెక్క మాత్రం ఉబ్బింది. ఎండలో పెడితే చీలుతుందని రెండు నెలలు ఫ్యాన్ గాలికి, నీడలో ఆరబెట్టాను.

డిసెంబరులో స్కోప్ మళ్లీ బిగించి రేంజికెళ్తే మొదటి గుండు కుడికి, రెండోది పైకి, మూడోది కాగితమే తగల్లేదు. నేనేం అనుకుంటాను? వరద, చెక్క, అంతే. లీ ఎన్‌ఫీల్డ్‌లో ముందు చెక్క బ్యారెల్‌ని ఎక్కడ ఎంత నొక్కుతుందన్న దాని మీదే గురి చాలావరకు ఆధారపడుతుందని చదివి ఉన్నాను. అది నిజమే. నిజం కాబట్టే మోసపోయాను. నాలుగైదు నెలలు ఇసుక కాగితంతో చెక్కలో బ్యారెల్ కూర్చునే గాడిని మెల్లగా రుద్దుతూ, రుద్దినప్పుడల్లా ఐదారు తూటాలు కాలుస్తూ గడిపాను. ఒకరోజు బాగా పడేది, నెల తర్వాత వెళ్తే మళ్లీ మొదటికి. తర్వాత నా కళ్లని అనుమానించి అద్దాలు కూడా మార్చాను.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ ఆయన ఉన్నాడు. రైఫిల్ అక్కడికి తీసుకెళ్లకూడదు కదా, ఫోన్‌లోనే గోడు చెప్పుకున్నాను. అంతా విని, "గురువు గారూ, ఆ బేస్‌ని కూర్చోబెట్టిన చోట కాటుక రాసి చూశారా?" అన్నాడు. రెండు ఇనుప ముక్కలు సరిగ్గా అతికాయో లేదో చూడ్డానికి వాళ్లు నీలం రంగు రాస్తారట. ఇంట్లో మా అమ్మాయి కాటుక డబ్బీ ఉంది. రిసీవర్ ముందు భాగం గుండ్రంగా ఉంటుంది. దాని మీద పల్చగా రాసి, బేస్ ఆనించి నొక్కి తీస్తే బేస్ అడుగున రెండే రెండు గీతలు, రెండు అంచుల దగ్గర. మధ్యలో అంతా శుభ్రంగా తెల్లగా! అంటే బేస్ వంపు వేరే ఏదో రైఫిల్‌ది. అది రిసీవర్ మీద రెండు అంచులతోనే నిలబడి ఉంది, కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే ప్రతి తన్నూ ఆ రెండు చిన్న స్క్రూలే భరిస్తున్నాయి. ఒక స్క్రూ రంధ్రంలో మరలు సగం అరిగిపోయి ఉన్నాయి కూడా. చెక్క పాపం ఏ పాపమూ ఎరగదు.

రిసీవర్ కొలత వెర్నియర్‌తో తీసి బేస్ ఒక్కటే ఆటోనగర్ పట్టుకెళ్లాను. ఆయన ఒక ఇనుప కడ్డీని ఎమరీ పేపర్ మందం వదిలి చెక్కి, పేపర్ చుట్టి, బేస్ అడుగుని దాని మీద రుద్దాడు. మూడొందలు తీసుకున్నాడు, టీ డబ్బులు నావే. గన్ షాపులో ఆ రంధ్రాన్ని ఒక సైజు పెద్ద మరకి మార్పించి, స్క్రూలకి కదలకుండా పట్టే గమ్ రాసి బిగించాం. ఈసారి కాటుక అడుగంతా అంటింది. రెండు నెలల విరామం తర్వాత రేంజికెళ్తే మొదటి గుండు వదిలిన చోటే పడింది. వరసగా మూడుసార్లు అలాగే. ఆ మొదటి రోజు నాలుగు అంగుళాల కంటే ఇదే నాకు పెద్ద విషయం.

బోల్ట్ చెయ్యి కిందికే ఉండటం వల్ల స్కోప్‌కి తగలదు, ఈ పాత డిజైన్‌లో అది మనకి కలిసొచ్చిన మంచి. కానీ బ్యారెల్‌ని వెనక నుంచి శుభ్రం చేయాలంటే బోల్ట్ బయటికి తీయాలి, దానికి దాని తలని పైకి లేపి తిప్పాలి. నా స్కోప్ ఎత్తులో అక్కడ వేలు సరిగ్గా దూరదు. విసుగొచ్చి మూతి వైపు నుంచే శుభ్రం చేస్తే తాతయ్య చేసిన గాడి నేనూ పెంచినట్టే. చెంప ఆనడానికి బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) మీద గళ్ల తువ్వాలు చుట్టి తోలుపట్టీ కట్టాను. నవ్వకండి, రెండో ప్రపంచ యుద్ధంలో లీ ఎన్‌ఫీల్డ్ రకానిదే అయిన నెంబర్ 4 (టి) స్నైపర్ రైఫిల్‌కీ బట్ మీద చెంప కోసం చెక్కముక్క కలిపారు, స్కోప్ దిమ్మెల స్క్రూలు కదలకుండా పంచ్ దెబ్బలూ కొట్టారు. ఆ తిప్పలు వాళ్లూ పడ్డారన్నమాట.

పెట్టించుకోవాలా అని అడిగితే, మీ కళ్లు బాగుంటే వద్దు. రిసీవర్‌కి ఒకసారి రంధ్రం పడితే పూడదు. ఏడాదికి రెండు మూడుసార్లు కాగితం మీద కాల్చే నాకు, ఈ చత్వారంతో, ఇప్పుడిది పనికొస్తోంది. నా మాట విన్న ఆ ఇద్దరికీ ఫోన్ చేసి కాటుక సంగతి చెప్పాను. ఒకాయనది సరిగ్గానే అతికిందట, రెండో ఆయన ఇంకా చూడలేదు. లీఫ్ సైట్ తీయించలేదు, స్కోప్ కింద అలాగే ఉంది. ఇక మళ్లీ ఎన్నికలొస్తాయి, మళ్లీ డిపాజిట్. స్కోప్‌తో సహా ఇవ్వాలా, విప్పి ఇవ్వాలా అన్నది తేల్చుకోలేకపోతున్నా. విప్పితే గురి సరిచూసుకోవడానికి మళ్లీ ఐదారు తూటాలు.