ప్రాక్స్‌మాక్స్‌లో పాస్‌త్రూ: పరికరం మొరాయిస్తే వీఎం పరిస్థితి ఏంటి? (చాన్నాళ్ల వాడకం తర్వాత సమీక్ష)

ఈ సమీక్ష ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్) మీద వీఎఫ్‌ఐఓ పాస్‌త్రూ గురించి, అంటే బోర్డుకి బిగించిన కార్డుని నేరుగా ఒక వీఎం చేతికి ఇచ్చేయడం గురించి. సెటప్ చెన్నైలో ఉంది, ఏసీ లేని గది. ఒకటే హోస్ట్ (అసలు మెషీన్), ఈసీసీ ర్యామ్ (లోపాలు సరిదిద్దుకునే రకం), మూడు వీఎంలు (వీటినే గెస్ట్‌లంటారు): సీయూడీఏ (జీపీయూతో లెక్కలు చేయించే ఎన్‌విడియా పద్ధతి) పని కోసం ఎన్‌విడియా జీపీయూ ఇచ్చిన లైనక్స్, ఎల్‌ఎస్‌ఐ 9300-8ఐ హెచ్‌బీఏ (డిస్కులు తగిలించే కార్డు) ఇచ్చిన ట్రూనాస్ ఫైల్ సర్వర్, ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు ఇచ్చిన రౌటర్. వేగం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేరుగా బిగించిన మెషీన్‌కీ దీనికీ తేడా పట్టుకోవడం కష్టం, అంతే. ఎవరూ పెద్దగా రాయనిది మరొకటుంది: కార్డు ఎర్రర్ కొట్టినప్పుడు ఏం జరుగుతుందన్నది. వేగానికి ఐదుకి ఐదు ఇస్తా, ఎర్రర్ నిర్వహణకు రెండే.

పీసీఐఈ (కార్డులు బోర్డుతో మాట్లాడే బస్) ఎర్రర్లు మూడు రకాలు. కరెక్టబుల్ అంటే లింక్ తనంతట తానే సర్దుకునేవి. మిగతా రెండూ అన్‌కరెక్టబుల్: నాన్‌ఫేటల్, ఫేటల్. కంప్లీషన్ టైమౌట్ (అడిగినదానికి జవాబు రాకపోవడం) మామూలుగా నాన్‌ఫేటల్ కింద, మాల్‌ఫార్మ్‌డ్ టీఎల్‌పీ (రూపం చెడిన ప్యాకెట్), సర్‌ప్రైజ్ డౌన్ (లింక్ చెప్పాపెట్టకుండా పోవడం) ఫేటల్ కింద లెక్క. కార్డు హోస్ట్ చేతిలోనే ఉంటే ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవరో, హెచ్‌బీఏ డ్రైవరో కంట్రోలర్‌ను రీసెట్ చేసి బండి లాగించడానికి చూస్తుంది. పాస్‌త్రూలో ఆ డ్రైవర్ గెస్ట్‌లో ఉంటుంది, ఎర్రర్ కబురు మాత్రం హోస్ట్‌కి వస్తుంది. హోస్ట్‌లో కార్డును పట్టుకుని ఉన్నది వీఎఫ్‌ఐఓ-పీసీఐ అనే డ్రైవర్. అది క్యూఈఎంయూకి (వీఎంని నడిపే ప్రోగ్రామ్‌కి) సంకేతం పంపి చేతులు దులుపుకుంటుంది. క్యూఈఎంయూ గెస్ట్‌కి ఒక్క ముక్క కూడా చెప్పదు, వీఎంని అక్కడికక్కడే ఆపేస్తుంది. లాగ్‌లో ఒక వాక్యం పడుతుంది: సరిదిద్దలేని ఎర్రర్, వీలైనంత డేటా తీసుకుని గెస్ట్‌ని చంపండి అని. నాకు నచ్చనిది ఇక్కడే: నాన్‌ఫేటల్ వచ్చినా ఇదే శిక్ష. డ్రైవర్ తట్టుకోగలిగిన ఎర్రర్‌కి కూడా వీఎం మొత్తం బలి.

ర్యామ్ విషయంలో ఇలా ఉండదు. హోస్ట్ మెమరీలో సరిదిద్దలేని లోపం ఒక గెస్ట్ వాడే పేజీలో బయటపడితే, కెర్నల్ క్యూఈఎంయూకి సిగ్‌బస్ అనే సంకేతం పంపుతుంది, క్యూఈఎంయూ దాన్ని మెషీన్ చెక్‌గా (హార్డ్‌వేర్ లోపం హెచ్చరికగా) గెస్ట్‌లోకి పంపుతుంది. గెస్ట్ కెర్నల్ ఆ పేజీ వాడుతున్న ప్రోగ్రామ్‌ని మాత్రం చంపి ముందుకు వెళ్లే అవకాశం ఉంటుంది. ర్యామ్‌కి ఉన్న ఈ మర్యాద పీసీఐఈ కార్డుకి ఎందుకు లేదంటే, కార్డు కోలుకోవాలంటే బస్ రీసెట్ కావాలి. ఆ బస్ మీద ఇంకేమున్నాయో గెస్ట్‌కి తెలియదు, దానికి ఆ అధికారం ఇవ్వడమూ కుదరదు.

ఆగిపోయిన వీఎం ప్రాక్స్‌మాక్స్ తెరమీద ఇంటర్నల్-ఎర్రర్ అని కనిపిస్తుంది. కొనసాగించమని ఆదేశిస్తే ముందు రీసెట్ చేయాలంటుంది. ఇక్కడ రెండు విషయాల్లో మోసపోతాం. ఒకటి, గెస్ట్ లాగ్‌లో ఏమీ ఉండదు, చివరి లైను ఏదో మామూలు క్రాన్ జాబ్‌దై ఉంటుంది. అసలు సాక్ష్యం అంతా హోస్ట్ డీమెస్గ్‌లోనే (కెర్నల్ లాగ్‌లోనే). ఏ పోర్టు ఫిర్యాదు చేసింది, టీఎల్‌పీ హెడర్ ఏంటి అన్నవి అక్కడ పడతాయి, రీబూట్ చేసే ముందే దాచుకోవాలి. రెండోది వాచ్‌డాగ్, అంటే గెస్ట్ బిగుసుకుపోతే రీసెట్ చేసే టైమర్. వీఎంకి ఐ6300ఈఎస్‌బీ వాచ్‌డాగ్ తగిలించి నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. అది లెక్కపెట్టేది గెస్ట్ గడియారాన్ని. వీఎం ఆగితే ఆ గడియారమూ ఆగుతుంది, కాబట్టి వాచ్‌డాగ్ ఎప్పటికీ మొరగదు. క్యూఈఎంయూ ప్రాసెస్ బతికే ఉంటుంది కాబట్టి ప్రాసెస్ ఉందా లేదా అని మాత్రమే చూసే మానిటరింగ్‌కి కూడా అంతా పచ్చగానే కనిపిస్తుంది.

అందుకని హోస్ట్‌లో నిమిషానికోసారి నడిచే చిన్న స్క్రిప్ట్ పెట్టుకోండి. క్యూఎం స్టేటస్ కమాండ్‌కి వెర్బోస్ ఆప్షన్ ఇస్తే క్యూఎంపీస్టేటస్ అనే లైను వస్తుంది. అందులో ఇంటర్నల్-ఎర్రర్ ఉంటే డీమెస్గ్, ఎల్‌ఎస్‌పీసీఐ (పీసీఐ కార్డుల జాబితా చూపే కమాండ్) పూర్తి వివరాలు ఫైల్‌లో దాచి, ఫోన్‌కి కబురు పంపాలి. జీపీయూ వీఎంని ఆపి మళ్లీ లేపే పని కూడా స్క్రిప్ట్‌కే అప్పగించవచ్చు. స్టోరేజ్ వీఎంకి మాత్రం ఆ స్వేచ్ఛ ఇవ్వొద్దు. సగం చచ్చిన హెచ్‌బీఏ మీద పూల్‌ని (డిస్కుల సముదాయాన్ని) పదే పదే ఇంపోర్ట్ చేయించడం కోరి కష్టాలు తెచ్చుకోవడమే.

ఇదంతా హోస్ట్ కెర్నల్ చేతిలో ఏఈఆర్ (పీసీఐఈ ఎర్రర్లు రిపోర్ట్ చేసే సదుపాయం) ఉంటేనే. బయోస్ ఆ అధికారం ఇవ్వకపోతే కథ వేరు. బూట్ లాగ్‌లో ఓఎస్‌సీ అని వెతకండి. ఓఎస్ ఇప్పుడు వీటిని నియంత్రిస్తుంది అనే జాబితాలో ఏఈఆర్ ఉందో లేదో తెలుస్తుంది. మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో కొన్నిట్లో ఉండదు. అప్పుడు కార్డు పడిపోయినా వీఎం ఆగదు, గెస్ట్ చదివే ప్రతి రిజిస్టరూ అన్నీ ఒకట్లుగా వస్తుంది. ఎన్‌విడియా డ్రైవర్ ఎక్స్‌ఐడీ 79 అని, జీపీయూ బస్ మీంచి పడిపోయిందని రాస్తుంది. ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవర్ కంట్రోలర్ డౌన్ అని గోల పెడుతుంది. జీపీయూ వీఎంకి నిజానికి ఇదే నయం, మిగతా సర్వీసులన్నా నడుస్తాయి. ఫైల్ సర్వర్‌కి మాత్రం ఠక్కున ఆగిపోవడమే మేలు. కొందరు లాగ్ నిండిపోతోందని కెర్నల్ లైన్‌లో పీసీఐ=నోఏఈఆర్ పెట్టేస్తుంటారు. దాంతో గొడవ వినిపించదు, రోగం అలాగే ఉంటుంది.

ఆ రోగం ముందుగా కనిపించేది కరెక్టబుల్ ఎర్రర్లలో. ఇవి వీఎఫ్‌ఐఓ దాకా పోవు, గెస్ట్‌కి అసలే తెలియవు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ వివరాలు చూపే /sys ఫోల్డర్‌లో) ప్రతి పరికరం ఫోల్డర్‌లో కరెక్టబుల్, నాన్‌ఫేటల్, ఫేటల్ లెక్కలకు మూడు ఫైళ్లుంటాయి. కరెక్టబుల్ ఫైల్‌లో ఆర్‌ఎక్స్ఎర్, బ్యాడ్‌టీఎల్‌పీ, బ్యాడ్‌డీఎల్‌ఎల్‌పీ, టైమౌట్ అని విడివిడిగా అంకెలు. కార్డు ఫోల్డర్ ఒక్కటే చూస్తే చాలదు, దాని పైనున్న రూట్ పోర్టుదీ (లింక్‌కి బోర్డు వైపు కొసదీ) చూడాలి. పాడైన ప్యాకెట్‌ని పట్టుకునేది అందుకునే వైపు కదా. రూట్ పోర్టులో బ్యాడ్‌టీఎల్‌పీ పెరుగుతుంటే కార్డు నుంచి బోర్డుకి వచ్చే దారిలో లోపం ఉన్నట్టు. రోజూ అదే పనిలో అంకె కదలకపోతే సరే. లోడ్ పెట్టగానే వందల్లో ఎగబాకితే, ఆ లింక్ ఏదో రోజు ఫేటల్ కొట్టే ప్రమాదం ఉంది.

నేను చూసినంతలో కారణాల్లో మొదటిది రైజర్ కేబుల్, అంటే కార్డుని స్లాట్‌కి దూరంగా పెట్టే పొడిగింపు. జెన్3 (పీసీఐఈ మూడో తరం) కోసం చేసిన రైజర్‌లో జెన్4 కార్డు పెడితే లింక్ 16 జీటీ వేగంలో లేస్తుంది, కానీ ఎర్రర్లు కారుతూనే ఉంటాయి. బయోస్‌లో ఆ స్లాట్‌ని జెన్3కి కట్టేయండి, చాలా కేసుల్లో అక్కడితో ఆగిపోతాయి. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో రైజర్ కొనేటప్పుడు జెన్4 అని స్టిక్కర్ ఉంటే సరిపోదు, మార్చుకోవడానికి ఒప్పుకుంటేనే తీసుకోండి. రెండోది సముద్రం గాలి. తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ వైపు ఇళ్లలో కార్డు అంచునున్న బంగారు కాంటాక్టులు మసకబారుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన, నూలు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక బిగిస్తే ఆర్‌ఎక్స్ఎర్ అంకె నిలిచిపోయిన సందర్భాలున్నాయి. రబ్బరుతో రుద్దే అలవాటు మానుకోండి, పూత పోతుంది. ఇంకో మాట: ఎల్‌ఎస్‌పీసీఐలో జీపీయూ లింక్ 2.5 జీటీ, డౌన్‌గ్రేడెడ్ అని కనిపిస్తే కంగారు పడొద్దు. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం అది అలాగే దిగుతుంది, లోడ్ పెట్టి చూడాలి.

హెచ్‌బీఏ గురించి వేరే చెప్పాలి. 9300-8ఐ లాంటివి గాలి హోరున వీచే సర్వర్ డబ్బాల కోసం చేసినవి. టవర్ క్యాబినెట్‌లో, మే నెల కత్తిరి ఎండల్లో దాని హీట్‌సింక్ మీద వేలు నిలపలేం. వేడెక్కితే మొదట డిస్కు టైమౌట్లు, తర్వాత కంట్రోలరే పోవడం. హీట్‌సింక్ మీద 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి జిప్ టైలతో కట్టడం ఈ సెటప్‌లో అన్నిటికన్నా చవకైన మరమ్మతు.

ఇక కార్డు కొనేముందు చూడాల్సింది సీయూడీఏ కోర్లూ, ర్యామూ కాదు, రీసెట్. లైనక్స్ 5.15 నుంచి సిస్‌ఎఫ్‌ఎస్‌లో రీసెట్_మెథడ్ అనే ఫైల్ ఉంది. అందులో ఎఫ్‌ఎల్‌ఆర్ (ఫంక్షన్ లెవెల్ రీసెట్) కనిపిస్తే మంచి శకునం, ఎందుకంటే ఆ ఒక్క ఫంక్షన్‌ని (కార్డులోని ఒక భాగాన్ని) పక్కవాటికి తగలకుండా రీసెట్ చేయొచ్చు. అందులో బస్ అన్న మాట ఒక్కటే ఉంటే ఆ బస్ మీదున్న అన్నీ, అంటే జీపీయూతో పాటు దాని ఆడియో ఫంక్షన్ కూడా, ఒకే వీఎంకి ఇవ్వాలి. ఫైలే లేకపోతే ఆ కార్డు జోలికి పోవద్దు. ఏఎమ్‌డీ పొలారిస్, వేగా, నవీ 10 కార్డుల రీసెట్ గొడవ అందరికీ తెలిసిందే, వాటికి వెండర్-రీసెట్ అనే మాడ్యూల్ కావాలి. ఎఫ్‌ఎల్‌ఆర్ ఉందని కార్డు చెప్పినంత మాత్రాన కూడా నమ్మలేం. మాటిస్ తరం రైజెన్‌లలోని యూఎస్‌బీ కంట్రోలర్, ఆడియో ఎఫ్‌ఎల్‌ఆర్ ఉందంటాయి, చేస్తే బిగుసుకుపోతాయి. కెర్నల్ వాటికి ఎఫ్‌ఎల్‌ఆర్ చేయొద్దని తన జాబితాలో రాసుకుంది.

పడిపోయిన కార్డుని లేపే వరస ఇది. వీఎంని ఆపండి, షట్‌డౌన్ కాదు, స్టాప్. ఎల్‌ఎస్‌పీసీఐలో కార్డు పక్కన రివిజన్ ఎఫ్‌ఎఫ్ అని ఉందా చూడండి. లేకపోతే వీఎంని మళ్లీ మొదలుపెడితే చాలు. ఉంటే కార్డుకి చెందిన అన్ని ఫంక్షన్ల రిమూవ్ ఫైల్‌లోనూ 1 రాసి, ఒక పది సెకన్లు ఆగి, పీసీఐ బస్ ఫోల్డర్‌లోని రీస్కాన్‌లో 1 రాయండి. తిరిగి కనిపించాక వీఎఫ్‌ఐఓ-పీసీఐకే కట్టుబడిందో లేదో చూసుకోవాలి, హోస్ట్ డ్రైవర్ ముందే లాక్కుంటే ఇంకో తలనొప్పి. ఎఫ్‌ఎల్‌ఆర్ తర్వాత 65535 మిల్లీసెకన్లు చూసి వదిలేస్తున్నా అనే లైను వచ్చిందంటే ఇక సాఫ్ట్‌వేర్‌తో పని కాదు. రీబూట్ కూడా చాలదు, స్లాట్‌కి కరెంటు పోదు కాబట్టి. హోస్ట్‌ని ఆపి, పవర్ సప్లై స్విచ్ కట్టేసి, అర నిమిషం తర్వాత వేయాలి. డీ3కోల్డ్ (పూర్తి నిద్ర) నుంచి డీ0కి (మేలుకున్న స్థితికి) రాలేదని ఫిర్యాదు పదే పదే వస్తుంటే వీఎఫ్‌ఐఓ-పీసీఐకి డిసేబుల్_ఐడిల్_డీ3=1 ఆప్షన్ ఇచ్చి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు కొంచెం ఎక్కువ తింటుంది, అంతే.

మూడింటిలో ప్రశాంతంగా ఉండేది నెట్‌వర్క్ కార్డే. మొత్తం కార్డు కాకుండా ఎస్‌ఆర్-ఐఓవీతో (ఒకే కార్డుని అనేక వర్చువల్ ముక్కలుగా చూపే పద్ధతి) ఒక వీఎఫ్ (అలాంటి ఒక ముక్క) ఇస్తే ఇంకా మేలు. వీఎఫ్‌లకు ఎఫ్‌ఎల్‌ఆర్ తప్పనిసరి, పైగా అసలు కార్డు హోస్ట్ డ్రైవర్ చేతిలోనే ఉంటుంది. అది రీసెట్ అయితే వీఎఫ్ డ్రైవర్‌కి కబురు అందుతుంది, గెస్ట్‌లో కొద్దిసేపు లింక్ పోయి వస్తుంది. వాకింగ్‌కి వెళ్లినప్పుడు రౌటర్ వీఎం ఆగి ఇంట్లోవాళ్ల ఫోన్లు రావడం తెలిసినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ర్యామ్ లెక్క కూడా వేసుకోండి. పాస్‌త్రూ ఉన్న వీఎంకి 32 జీబీ ఇస్తే ఆ 32 జీబీ మొత్తం హోస్ట్‌లో పిన్ అయిపోతుంది (ఆ వీఎంకే కట్టుబడిపోతుంది), బెలూనింగ్ (వాడని ర్యామ్‌ని వెనక్కి తీసుకోవడం) పనికిరాదు. మామూలు జీపీయూ, హెచ్‌బీఏ ఉన్న వీఎంని లైవ్‌గా పక్క నోడ్‌కి జరపడం కూడా కుదరదు. కాబట్టి కార్డులో కరెక్టబుల్ అంకె పెరుగుతోందని కనిపించిన రోజే ఆగే టైము మీరే పెట్టుకుని, వీఎంని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, డబ్బా మూత తీయండి.