మనిషికి 280 రూపాయల్లో ఊరి మురుగునీరు: స్వచ్ఛ భారత్ రెండో దశ నిధులపై రివ్యూ

స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ 2020లో మొదలైంది. మరుగుదొడ్ల తర్వాత మిగిలిన పెద్ద పని దీని నెత్తిన పడింది. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు, బట్టలుతికిన నీళ్లు వీధిలో నిలవకుండా చూడాలి. పంచాయతీలకు అందే ఒక సేవగా చూస్తే దీనికి ఐదుకి మూడు మార్కులు వేయొచ్చు. ఆ మూడూ ఇంటింటి ఇంకుడు గుంతకే. పోయిన రెండూ ప్రణాళిక దగ్గర పోయాయి.

ముందు డబ్బు సంగతి, 2020 మార్గదర్శకాల ప్రకారం. 5,000 వరకు జనాభా ఉన్న ఊరికి మనిషికి 280 రూపాయల దాకా ఇస్తారు. 5,000 దాటితే 660 దాకా ఇస్తారు. ఇందులో 30 శాతం పంచాయతీ తన 15వ ఆర్థిక సంఘం నిధుల్లోంచి (కేంద్రం పంచాయతీలకు ఇచ్చే గ్రాంటు) పెట్టుకోవాలి. మిగతాది కేంద్రం, రాష్ట్రం 60:40గా భరిస్తాయి. 2,000 మంది ఊరికి మొత్తం 5,60,000 అనుకుంటే పంచాయతీ వాటా 1,68,000, కేంద్రానిది 2,35,200, రాష్ట్రానిది 1,56,800. మూడు జేబుల్లోంచి రావాల్సిన సొమ్ము ఇది. ఏ ఒక్కటి ఆలస్యమైనా, పని పూర్తయి ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డయ్యాక కూడా బిల్లు కదలదు.

ఈ లెక్కలో అసలు లోపం 5,000 గీత. 4,900 మంది ఉన్న ఊరికి 13,72,000 దాటదు. 5,100 మంది ఉంటే 33,66,000 దాకా వెళ్తుంది. 200 మంది తేడాకి దాదాపు 20 లక్షలు! చిన్న ఊళ్లకు ఇంకా అన్యాయం. మొదటి దశలో 150 ఇళ్ల లోపు పంచాయతీకి చెత్త, మురుగునీరు రెండింటికీ కలిపి 7 లక్షల దాకా వీలుండేది. ఇప్పుడు 600 మంది ఊరికి మురుగుకు 1,68,000, చెత్తకు మనిషికి 60 చొప్పున 36,000. జల్లెడ, సిల్ట్ ఛాంబర్ (మట్టి, మడ్డి పేరుకునే తొట్టి), మురుగు శుద్ధి చెరువు గట్లకు అయ్యే ఖర్చు జనాభా సగమైతే సగమైపోదు కదా.

ఇక ఇంకుడు గుంత. నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతు తవ్వి, అడుగున పెద్ద బండరాళ్లు, వాటిపైన పిడికెడంత రాళ్లు, ఆపైన కంకర వేస్తారు. నీళ్లు దిగేచోట బెజ్జాలున్న కుండలో కొబ్బరి పీచు పెడతారు. వెంట్రుకలు, మెతుకులు, సబ్బు తెట్టు, నూనె జిడ్డు ఆ పీచుకే పట్టుకోవాలి. వారానికోసారి దాన్ని తీసి కడగకపోతే జిడ్డంతా కిందికి దిగి రాళ్ల సందులు మూసుకుపోతాయి. ఒకసారి అలా అయ్యాక గుంతంతా తోడి రాళ్లు కడగడం తప్ప దారి లేదు. పైన మూత సరిగ్గా కూర్చోకపోతే దోమలకు అదే పుట్టిల్లు.

సరిపోతుందా అంటే, అది నేలను బట్టి ఉంటుంది. అడుగుభాగం త్వరగా పూడుకుంటుంది కాబట్టి నాలుగు పక్కగోడలనే లెక్కలోకి తీసుకోవాలి. అవి సుమారు 5.76 చదరపు మీటర్లు. ఇసుక కలిసిన నేల చదరపు మీటరుకు రోజుకు 30 లీటర్లు తాగితే 170 లీటర్ల పైచిలుకు ఇంకుతాయి. బంకనేల 10 లీటర్లకు మించి తాగదు, అంటే 58 లీటర్లే. మరి వచ్చే నీళ్లెన్ని? ఇంటింటి కుళాయికి కేంద్రం పెట్టిన జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. అందులో 70 శాతం బయటికొస్తే అయిదుగురి ఇంటికి 190 లీటర్లు. తెలంగాణ మంచినీటి పథకం మిషన్ భగీరథ లక్ష్యం పల్లెల్లో మనిషికి 100 లీటర్లు. ఆ లెక్కన అదే ఇంటికి 350 లీటర్లు. తెలంగాణలో ఎస్టిమేటు 55 మీద వేస్తే గుంత మొదటి రోజు నుంచే చిన్నది. నల్లరేగడి ఊళ్లో అయితే అలాంటివి ఆరు తవ్వినా అంతంతమాత్రమే.

అందుకే పని మంజూరుకు ముందు ఒక పరీక్ష చేయించండి. గుంత రానున్న లోతులో చిన్న గొయ్యి తీసి, రాత్రంతా నీళ్లతో నానబెట్టి, మర్నాడు ఆరంగుళాలు నింపి చూడాలి. నీళ్లు అంగుళం దిగడానికి గంట దాటితే ఆ నేల ఇంకుడు గుంతకు పనికిరాదు. ఒక కూలీ, ఒక స్కేలు, ఒక గడియారం చాలు. అన్ని ఊళ్లకూ ఒకే నమూనా డ్రాయింగు అంటించేసే అలవాటుకు ఇదొక్కటే మందు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో నీటిమట్టం మరీ పైన ఉండే ఊళ్లలో గుంత జోలికే పోకూడదు. మురుగు నేరుగా భూగర్భజలంలో కలుస్తుంది. డ్రెయిన్లను పంట కాలువలోకి వదలడం అంతకన్నా ప్రమాదం. మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువ నీళ్లతోనే. అక్కడ శుద్ధి చెరువులే గతి. 2,000 మంది ఊరికి 55 లీటర్లలో 70 శాతం లెక్కన రోజుకు 77,000 లీటర్లు వస్తే, పది రోజులు నిలవడానికి 770 ఘనపు మీటర్లు కావాలి. గట్లతో కలిపి సుమారు పాతిక సెంట్లు. నిధుల్లో భూమి ధర లేదు. పంచాయతీకి స్థలముందో లేదో ముందు తేల్చుకోవాలి. చెరువు పొడవు వెడల్పుకు రెండు మూడు రెట్లు ఉండాలి. లేకపోతే వచ్చిన నీరు వచ్చినట్టే బయటికి పోతుంది. వాననీటికి పక్కదారి పెట్టకపోతే తొలి పెద్ద వానకే మడ్డి అంతా పొలాల్లోకి కొట్టుకుపోతుంది.

వీటన్నిటినీ పాడుచేసేది ఇంకొకటుంది. సెప్టిక్ ట్యాంకు పైపును సైడ్ డ్రెయిన్‌లో కలపడం. అప్పుడది వాడుకనీరు కాదు, మలం కలిసిన నీరు. సర్వేలో ఇంటింటికీ ఆ పైపు ఎటు పోతోందో రాసుకోని ప్రణాళికను గ్రామసభలోనే వెనక్కి పంపాలి.

నిర్వహణకు విడిగా పైసా రాదు. 2021-26 ఆర్థిక సంఘం గ్రాంటులో 30 శాతం పారిశుధ్యానికే కేటాయించారు. అందులోంచే సిల్ట్ ఛాంబర్ ఎత్తే మనిషికి జీతం, ఏటా పూడికతీత ఖర్చు పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో విడి పద్దులుగా రాయించుకోండి. పద్దు లేని పనికి పంచాయతీ బిల్లు చెల్లించలేదు.