క్యూబా కాగితం, గయానా కాగితం: చైనా కూలీలకి ఏది నయం?

19వ శతాబ్దంలో చైనా కూలీలు వెళ్లిన క్యూబా, బ్రిటిష్ గయానా (దక్షిణ అమెరికాలో అప్పటి బ్రిటిష్ వలస), రెండు చోట్లా చెరకు తోటలే, మనుషులూ దక్షిణ చైనా నుంచి వచ్చినవాళ్లే, కానీ సంతకం పెట్టిన కాగితాన్ని బట్టి బతుకు మారిపోయింది.

క్యూబాది 8 ఏళ్ల కాంట్రాక్టు, నెలకి 4 పెసోలు, ఏడాదికి రెండు జతల బట్టలు, ఒక దుప్పటి. అందులో ఒక షరతు ఉంటుంది చూడండి, ఇక్కడి స్వేచ్ఛా కూలీలకి, బానిసలకి కూడా ఇంతకన్నా ఎక్కువే వస్తుందని నాకు తెలుసు, అయినా ఈ జీతానికే ఒప్పుకుంటున్నా అని కూలీ చేతే రాయించుకునేవారు! అది చదివినప్పుడు నాకు కడుపు రగిలిపోయింది. పైగా 1860 రూల్ వచ్చాక 8 ఏళ్లు అయిపోయినా వదల్లేదు, మళ్లీ కాంట్రాక్టు రాయాలి లేదా దేశం విడిచిపోవాలి, తిరుగు ఛార్జీలకి డబ్బెక్కడిది? అక్కడ బానిసత్వం 1886 దాకా ఉంది కాబట్టి యజమానుల చేతిలో కొరడా అలాగే ఉండిపోయింది. ఈ కూలీల బతుకు ఎలా ఉందో తెలుసుకోడానికి 1874లో చైనా ప్రభుత్వం పంపిన కమిషన్ వెళ్లి 1,176 మంది వాంగ్మూలాలు తీసుకుంది.

బ్రిటిష్ గయానాలో 5 ఏళ్లే. 1853 నుంచి 1879 వరకు దాదాపు 14 వేల మంది వెళ్లారు, ఆడవాళ్లు కూడా కొంతమంది వెళ్లారు కాబట్టి కుటుంబాలు నిలబడ్డాయి, క్యూబాకి వెళ్లింది దాదాపు అందరూ మగవాళ్లే. గడువు తీరినవాళ్లు 1865లో హోప్‌టౌన్ అనే ఊరు కట్టుకుని బొగ్గులు కాల్చి అమ్ముకున్నారు. అయితే పని ఎగ్గొడితే ఇక్కడా జైలే, ఊరికి తిరుగు ప్రయాణం ఇక్కడా ఫ్రీ కాదు.

నన్నడిగితే గయానాయే కాస్త నయం, ఎందుకంటే అక్కడ గడువు నిజంగా తీరేది.