అడయార్ గల్స్ కోసం నికాన్ ఆక్యులాన్ 8×42

చలికాలంలో చెన్నైలో బీసెంట్ నగర్ వైపు విరిగిన వంతెన దగ్గర నిలబడి, అడయార్ నది సముద్రంలో కలిసేచోట గల్స్ అనే సముద్రపక్షులను చూడటానికి నేను వాడే బైనాక్యులర్ నికాన్ ఆక్యులాన్ ఏ211, 8×42 (అంటే ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు). ఆ పనికి దీన్ని నిస్సంకోచంగా కొనుక్కోమంటాను.

మా బావమరిది సూళ్లూరుపేటవాడు. పులికాట్ పక్షులు చిన్నప్పటి నుంచీ చూసినవాడే. మొన్న ఇసుకమేట మీద గుంపును చూసి, "అన్నీ ఒకటే కదా బావా!" అన్నాడు. బైనాక్యులర్ చేతికిచ్చి, ముందు కళ్లు చూడమన్నాను. బ్రౌన్‌హెడెడ్ గల్‌కీ బ్లాక్‌హెడెడ్ గల్‌కీ చలికాలంలో తల రంగు పోయి, చెవి దగ్గర నల్లటి మచ్చ మాత్రం మిగులుతుంది. కాసేపు ఫోకస్ తిప్పుకుని, "దీని కన్ను తెల్లగా ఉంది, పక్కదానిది నల్లగా ఉంది" అన్నాడు. తెల్లకన్నుది బ్రౌన్‌హెడెడ్. ఎగిరినప్పుడు దాని రెక్క కొస నల్లగా, అందులో తెల్ల చుక్కలతో ఉంటుంది. బ్లాక్‌హెడెడ్‌కైతే రెక్క ముందంచు వెంట తెల్లటి పట్టీ మెరుస్తుంది. పిల్ల పక్షులతోనే చిక్కు: బ్రౌన్‌హెడెడ్ పిల్లకు కన్నూ నల్లగానే ఉంటుంది, రెక్క కొసన చుక్కలూ ఉండవు. కొస ఎంత మేర నలుపో చూసి పోల్చుకోవాలి.

ఇక్కడే ఈ 8×42 అక్కరకొస్తుంది. వంద మీటర్ల దూరంలో 14 మీటర్ల వెడల్పు ఒకేసారి కనిపిస్తుంది. గుంపులోంచి ఒకటి లేస్తే దాన్ని వదలకుండా వెంటాడవచ్చు. ఇదే మోడల్‌లో 10×42 తీసుకుంటే ఆ వెడల్పు పదిన్నర మీటర్లకు పడిపోతుంది, పైగా సముద్రపు గాలికి చేతి వణుకు ఇంకా పెద్దదై కనిపిస్తుంది. అంకె పెద్దదని దాని వైపు వెళ్లకండి.

బరువు ముప్పావు కిలో. మెడకు సన్న తాడు కాకుండా వెడల్పాటి పట్టీ వేసుకోండి. కళ్లజోడు ఉన్నవాళ్లు షాపులో జోడుతోనే చూసి తీసుకోవాలి. కంటికీ అద్దానికీ మధ్య ఇది ఇచ్చే దూరం 12 మిల్లీమీటర్లే. వాటర్‌ప్రూఫ్ కాదు, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో సంచిలో ప్లాస్టిక్ కవరు ఉండాల్సిందే.

వెళ్లేది సాయంత్రమే వెళ్లండి. పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి కళ్లలోకి కొడతాడు, గల్స్ నల్లటి నీడల్లా ఉంటాయి. నాలుగు దాటాక వెలుగు మన వీపు మీదుగా వాటి మీద పడుతుంది, కంటి రంగు తేటగా తెలుస్తుంది. ఇంటికొచ్చాక అద్దాల మీది ఇసుకను ముందు బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే గుడ్డతో తుడవండి.