రోడ్ బైక్‌కి అడ్జస్టబుల్ స్టెమ్: రెండేళ్ల వాడకం తర్వాత

మెడ వెనక్కి ఎత్తలేనివాళ్లు, అరగంటకే నడుము పట్టేసేవాళ్లు రోడ్ బైక్ (కిందికి వంగిన హ్యాండిల్, సన్న టైర్లు ఉండే సైకిల్) అమ్మేయాలనుకునే ముందు స్టెమ్ (హ్యాండిల్‌ని ముందు ఫోర్క్ గొట్టానికి కలిపే ముక్క) మార్చి చూడాలి. ఇది 90 మి.మీ. పొడవు, 60 డిగ్రీల దాకా పైకి లేచే అల్యూమినియం స్టెమ్ మీద సమీక్ష. తిరుపతి నుంచి శ్రీనివాసమంగాపురం, చంద్రగిరి దారుల్లోనూ, భాకరాపేట ఘాట్‌లోనూ రెండేళ్లు వాడాక రాస్తున్నది.

స్టెమ్ జోలికి వెళ్లేముందు సీటు సరిచూసుకోండి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే మోకాలు నిటారు కావాలి. సీటు తక్కువైతే మోకాలి ముందు నొప్పి, ఎక్కువైతే మోకాలి వెనక లాగుడు. సీటు ముక్కు కిందికి వాలితే ఒళ్లు ముందుకు జారి, బరువంతా అరచేతుల మీద పడుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కేది అరచేతిలో నరం నలిగే. తప్పు సీటుదైతే ఏ స్టెమ్మూ దాన్ని తీర్చదు.

స్టెమ్ కోణం పెంచితే హ్యాండిల్ పైకి లేవడమే కాదు, దగ్గరికీ వస్తుంది. చాలామంది మరిచేది ఇదే. 110 మి.మీ., మైనస్ 6 డిగ్రీల (ఫోర్క్ గొట్టానికి లంబం నుంచి 6 డిగ్రీలు కిందికి వంగిన) మామూలు స్టెమ్ తీసి, దీన్ని 30 డిగ్రీలకు పెడితే హ్యాండిల్ సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు లేస్తుంది, దాదాపు అంతే వెనక్కి వస్తుంది. నడుముకి హాయే, కానీ బరువు సీటు మీదికి మారి పిరుదులు నొస్తాయి. అందుకే ఒక కోణంలో కనీసం వారం తొక్కి, తర్వాత అయిదు డిగ్రీలు మార్చాలి. కోణం మార్చిన ప్రతిసారీ హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముందువైపు ప్లేటు వదులు చేసి, బ్రేక్ లివర్ల దగ్గర చెయ్యి ఆనే చోటు సమంగా ఉండేలా హ్యాండిల్ తిప్పుకోవాలి. హ్యాండిల్‌ని రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. బ్రేక్ కేబుల్ బిగుసుకుంటే పొడవైనది వేయించాల్సిందే.

బిగింపులో వరస ముఖ్యం: మొదట స్టెమ్ పై మూత బోల్టు, తర్వాత చక్రం నేరుగా ఉందో లేదో చూసి స్టెమ్ పక్క బోల్టులు. స్టెమ్ మీద రాసి ఉన్న టార్క్ (బోల్టు తిప్పే బలం) దాటొద్దు, మామూలుగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. కోణం బోల్టు బిగించేటప్పుడు లోపలి పళ్లు ఒకదాంట్లో ఒకటి కూర్చోవాలి. కూర్చోకపోతే గుంతలో పడ్డప్పుడు హ్యాండిల్ కిందికి జారుతుంది, అది నిజంగా ప్రమాదం. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి.

లోపాలూ ఉన్నాయి. బరువెక్కువ. మన ఎండలకు కారే చెమట ఉప్పు బోల్టులను తుప్పు పట్టిస్తుంది, నెలకోసారి తుడిచి గ్రీజు రాయకపోతే కిర్రుమంటుంది. ఘాట్ దిగేటప్పుడు ముందు చక్రం మీద బరువు తగ్గి హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది కాబట్టి మలుపుకి ముందే వేగం తగ్గించాలి.

ఇది కొలత తేల్చుకోవడానికి మంచి పరికరం, ఎప్పటికీ ఉంచుకోవడానికి కాదు. ఎత్తు కుదిరాక అదే చోటికి చేర్చే మామూలు స్టెమ్ కొనండి. పాత 110 మి.మీ. స్టెమ్ కంటే మూడు సెంటీమీటర్లు పైకి, మూడు వెనక్కి చాలనుకుంటే 90 మి.మీ., ప్లస్ 17 డిగ్రీలది సరిపోతుంది.